రిమోట్ సర్వర్ ఖాతాలకు హ్యాష్ పాస్‌వర్డ్: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని కళాశాలలకూ కార్యాలయాలకూ సర్వర్లు చూసే పనిలో ఉన్నాను. కొత్తవలస నుంచి పలాస వరకు చెదురుగా ఉన్న ఈ యంత్రాల దగ్గరకు ప్రతిసారీ వెళ్లడం సాధ్యం కాదు కనుక, వాటిలో అమర్చి ఉండే ఐడ్రాక్ వంటి రిమోట్ మేనేజ్‌మెంట్ పరికరం ద్వారానే ఆన్ చేయడం, ఆపడం, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం జరుగుతుంది. ఆ ఖాతా పరాయివాడి చేతికి చిక్కితే సర్వరు మొత్తం చిక్కినట్టే. అందుకే సెట్టింగుల ఫైలులో పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు రాయకుండా హ్యాష్ రూపంలో, అంటే పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టి తీసిన, వెనక్కి మార్చలేని అక్షరాల వరుసగా ఇవ్వడం మంచి పద్ధతి. అయితే ఆ పద్ధతి చేయగలిగినదాని కంటే ఎక్కువే చేస్తుందని నమ్మేవారిని తరచూ చూస్తున్నాను.

అపోహ: హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేరు కనుక, ఏ పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఫరవాలేదు.

వాస్తవం: ఇందులో మొదటి సగమే నిజం. తిరగలిలో విసిరిన పిండి మళ్లీ గింజ కాదు. కానీ దొంగ ఆ ప్రయత్నమే చేయడు. తనకు తోచిన గింజలను ఒక్కొక్కటిగా విసిరి, వచ్చిన పిండి మన పిండితో సరిపోతుందేమో చూస్తాడు. ఈ హ్యాష్‌ను లెక్కగట్టే ఎస్‌హెచ్‌ఏ-256 వేగంగా పని చేసేలా రూపొందిన పద్ధతి. ఫైళ్లను సరిచూసేటప్పుడు మేలు చేసే ఆ వేగమే పాస్‌వర్డ్‌ల విషయంలో దొంగకు ఉపయోగపడుతుంది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు వందల కోట్ల ఊహలను పరీక్షించగలదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలయ్యే పదంకెల సంఖ్యలు, అంటే మొత్తం 400 కోట్లకు మించవు. సొంత నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే అది కొన్ని సెకన్లలో బయటపడుతుంది. పైడితల్లి పేరుకో అరసవల్లి పేరుకో చివర 123 తగిలించిన పాస్‌వర్డ్‌లకు, ఊళ్ల పేర్లూ దేవతల పేర్లూ జాబితా రాసుకున్నవాడి ముందు అంతసేపు కూడా పట్టదు.

అపోహ: హ్యాష్ తీసే ముందు పాస్‌వర్డ్‌కు సాల్ట్ (యాదృచ్ఛికంగా ఎంచిన అదనపు అక్షరాలు) కలిపితే ఆ భయం పోతుంది.

వాస్తవం: దొంగలు ముందే లెక్కగట్టి పెట్టుకున్న హ్యాష్‌ల పట్టికలు పనికిరాకుండా చేయడమే సాల్ట్ ప్రయోజనం. బలహీనమైన పాస్‌వర్డ్‌ను అది బలపరచదు. మా పనిలో ఇంకొక పొరపాటు జరుగుతుంటుంది: ఒకే హ్యాష్, ఒకే సాల్ట్ ఉన్న సెట్టింగుల ఫైలును ఇరవై సర్వర్లకు ఎక్కిస్తారు. అప్పుడు ఒకదానిని ఛేదించినవాడికి ఇరవై తలుపులూ తెరుచుకుంటాయి. సర్వరుకొక పాస్‌వర్డ్, దానికొక సాల్ట్ ఉండాలి. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపుకోకూడదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: హ్యాష్ ఎక్కించాక లాగిన్ కాకపోతే పరికరం చెడిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది. లైనక్స్‌లో ఎకో కమాండ్‌తో హ్యాష్ తీసేటప్పుడు మైనస్ ఎన్ అని చేర్చకపోతే పాస్‌వర్డ్ చివర కంటికి కనిపించని కొత్త లైను గుర్తు కలిసి, హ్యాష్ పూర్తిగా మారిపోతుంది.

వెబ్ పేజీలో లాగిన్ అవుతూ, ఐపీఎంఐ (సర్వర్లను దూరం నుంచి నియంత్రించే ఒక ప్రొటోకాల్) ద్వారా మాత్రం కాకపోతే అది లోపం కాదు. ఐపీఎంఐ 2.0 లో సరిచూసే పద్ధతికి పరికరం దగ్గర అసలు పాస్‌వర్డే ఉండాలి; ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఒక్కటే ఉన్న ఖాతాకు ఆ దారి మూసుకుపోతుంది. పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీద గమనించే ఎస్ఎన్ఎంపీ మూడో వెర్షన్‌కు కూడా దాని తాళపుచెవిని విడిగా ఇవ్వాలి.

అపోహ: ఐపీఎంఐ పోవడం నష్టం కనుక, దానికోసం హ్యాష్‌ను వదులుకోవాలి.

వాస్తవం: నా అభిప్రాయం దీనికి సరిగ్గా వ్యతిరేకం. యూజర్ పేరు సరైనదైతే చాలు, అడుగుతున్నది ఎవరో తేల్చుకోకముందే, పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన విలువను ఐపీఎంఐ 2.0 అడిగినవారికి పంపేస్తుంది. ఆ విలువను ఇంటికి తీసుకుపోయి తీరికగా ఊహలు పరీక్షించుకోవచ్చు. 2013 లో వెల్లడైన ఈ బలహీనత ఆ ప్రొటోకాల్ రూపకల్పనలోనే ఉంది కనుక, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తీరేది కాదు. అవసరం లేనిచోట నెట్‌వర్క్ మీద ఐపీఎంఐని ఆపివేయాలి. తప్పనిసరైతే అది వాడే యూడీపీ 623 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ దాటకుండా చూడాలి.

అపోహ: పాస్‌వర్డ్ మరచిపోయినా ఫైలులో హ్యాష్ ఉంది కదా.

వాస్తవం: పిండి గింజ కాకపోవడం మనకూ వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. టెక్కలి వైపు ఒక సంస్థలో కొన్ని రోజులకు కరెంటు వచ్చినా సర్వరు ఆన్ కాలేదు. మా దగ్గర ఉన్నది హ్యాష్ మాత్రమే; అసలు పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి అప్పటికే మానేశారు. కూలిన చెట్లు దాటుకుంటూ వెళ్లి, సర్వరు ముందు కూర్చుని, పరికరాన్ని మొదటి స్థితికి రీసెట్ చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సర్వరు పాస్‌వర్డ్‌నూ కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో పెట్టి, ఆ సంస్థ బీరువాలో ఉంచి, కవరు తెరిచినవారి సంతకం, తేదీ కోసం పక్కనే ఒక పుస్తకం పెడుతున్నాను.