మంచు పడ్డ మర్నాటి అడవి

పర్లాకిమిడి,
పుష్య మాసం.

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకి మీరంతా కలిసి మనాలీ వెళ్తున్నారని, మంచు బాగా కురిస్తే మర్నాడు దేవదారు అడవిలో నడవాలని అనుకుంటున్నారని రాయగడ నుంచి పెద్దకోడలు ఫోన్ చేసి చెప్పింది. "మిలిటరీలో ఉన్నప్పుడు మీరు ఆ మంచులోనే తిరిగారు కదా మామయ్యా, వీళ్లకి నాలుగు ముక్కలు చెప్పండి" అంది. ఫోన్‌లో చెప్తే "సరే తాతయ్యా" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం.

మీలో కొందరు మన ఒడిశా కొండల్లోని దారింగబాడి చూసొచ్చి, మంచు చూసేశాం అంటున్నారు. అక్కడ తెల్లారి గడ్డి మీద కనిపించేది వేరు. మబ్బూ గాలీ లేని రాత్రి నేల బాగా చల్లబడితే, గాలిలోని తేమ గడ్డిపరకల మీదే గడ్డకడుతుంది. ఎండ తగలగానే మాయం. మనాలీలో పడేది మబ్బులోంచి రాలే మంచు. ఒక్క రాత్రికే మోకాళ్ల దాకా పేరుకోగలదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

పెద్దపిల్లలకి తిత్లీ తుపాను గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా కొండల మీద పడింది. గాలి ఆగగానే తోట చూసొస్తామని మీరు బయల్దేరితే నేను గుమ్మం దాటనివ్వలేదు. నా మీద అలిగారు కూడా. విరిగి కింద పడిపోయిన కొమ్మతో భయమేముంది? విరిగీ పడకుండా పైన చిక్కుకున్నదే ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. మంచు అడవి కూడా అంతే. కురుస్తున్నంతసేపూ ఎవరూ బయటికి రారు. మర్నాడు ఆకాశం నీలంగా విచ్చుకుంటుంది, ఎండ కాస్తుంది, అందరూ ఫోటోలకి పరిగెడతారు. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

ముందు పైకి చూడండి. దేవదారు కొమ్మలు అడ్డంగా చాచుకుని ఉంటాయి, మంచు బాగా నిలుస్తుంది. ఎండకి పట్టు సడలి ఒక్కసారిగా దభేలున జారుతుంది. ఒక్కోసారి కొమ్మతో సహా. అందుకని చెట్టు మొదట్లో నిలబడి ఫోటోలు దిగొద్దు, సరదాకి కొమ్మ ఊపొద్దు. ఇంకా పై ఎత్తుల్లో ఉండే రై (స్ప్రూస్), తోష్ (ఫర్) చెట్లు కోసుగా పెరుగుతాయి. వాటి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి బరువు కాస్త పెరగగానే మంచు దానంతటదే జారిపోతుంది. వెడల్పాటి ఆకుల మన పనస, మామిడి అక్కడుంటే మొదటి మంచుకే సగం కొమ్మలు విరిగేవి.

తరవాత కింద. గుబురు చెట్ల మొదళ్ల చుట్టూ మంచు గట్టిపడదు. కొమ్మలు అడ్డు కాబట్టి అక్కడ లోపల గుల్లగా ఉంటుంది. పైకి చదునుగానే కనిపిస్తుంది, కాలు పెడితే నడుము దాకా దిగిపోతుంది. తలకిందులుగా పడితే పక్కన ఇంకో మనిషి లేకుండా బయటికి రావడం కష్టం. వాగులూ అంతే. పైన మంచు మూత వేసుకుంటుంది, అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి. ముందు కర్ర గుచ్చి చూసి, ఆ తరవాత కాలు పెట్టాలి.

ఏటవాలు కొండల జోలికి అసలే వెళ్లొద్దు. పెద్ద మంచు పడ్డ తరవాత ఒకటి రెండు రోజులు మంచు చరియలు విరిగిపడే భయం ఎక్కువ, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట మరీను. డీఆర్‌డీఓ వాళ్ల సంస్థ దీని మీద హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు అవి చూసుకోండి.

మీకు సరిపోయే చోటు ఢుంగ్రీ అడవి. మనాలీ ఊరిని ఆనుకునే ఉంటుంది. పెద్ద పెద్ద దేవదారుల మధ్య హిడింబ గుడి ఉంది, 1553లో కట్టిన కర్ర గుడి. మన మహేంద్రగిరి మీద భీముడి గుడి చూశారు కదా, ఆయన భార్యని అక్కడ దేవతగా కొలుస్తారు. వెళ్తే ఆ కోడలమ్మకి మన తరఫున ఒక దండం పెట్టండి.

పొద్దున్నే, జనం రాకముందే వెళ్లండి. కొత్త మంచులో పదింట తొమ్మిది పాళ్లు గాలే, అందుకే చప్పుడంతా పీల్చేస్తుంది. మీ బూట్ల కింద కిర్రుమనడం తప్ప ఏమీ వినపడదు. రాత్రి ఎవరెవరు తిరిగారో మాత్రం నేలంతా రాసి ఉంటుంది. మన అడవిలో ఆకుల మీద నక్క నడిచినా ఆనవాలు దొరకదు. అక్కడ నక్క అడుగులు ఒకే వరుసలో ఒకదాని ముందు ఒకటి పడి ఉంటాయి. ఆ వెంబడే చూస్తూ పోతే ఒకచోట అది ఆగిన గుర్తు, ఆ తరవాత రెండు బారల దూరం ఏమీ ఉండదు, ఆపైన మంచులో ఒక గుంట, చుట్టూ చిమ్మిన పొడి. మంచు కింద ఎలుక కదిలిన అలికిడి విని ఎగిరి మూతితో సహా దూకిందన్నమాట. ఎలుక అడుగులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. బుల్లి జతలు, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత, చివర బొటనవేలంత కన్నం. ఆ కన్నంలో అది చలికి చచ్చిపోదు. పైన గాలి మైనస్ 10 ఉన్నా, మందంగా పడ్డ మంచు బొంతలా కప్పి నేలని సున్నా దగ్గరే నిలుపుతుంది. వరుసలు తొక్కేయకుండా పక్కనుంచి నడవండి.

ఇక మీ సంగతి. ముందు నడిచేవాడికి పని ఎక్కువ, కాబట్టి వంతులేసుకోండి. వెనకవాళ్లు అతని అడుగుల్లోనే అడుగెయ్యాలి. చెమట పట్టేంత జోరు వద్దు. తడిసిన బనీను ఆగగానే ఒంట్లో వేడి లాగేస్తుంది. నల్ల కళ్లద్దాలు స్టైలుకి కాదు. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, సాయంత్రానికి కళ్లు ఇసుక పడ్డట్టు మండుతాయి. దాహమేస్తే మంచు తినకండి. గ్రాము మంచు కరగడానికే 80 కేలరీల వేడి కావాలని సైన్సులో చదివారు కదా, ఆ వేడి మీ ఒంట్లోంచే పోతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లండి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే అనుకుని, ఆ మాట హోటల్లో చెప్పి వెళ్లండి, మీ అమ్మలకి టెన్షన్ తగ్గుతుంది.

చిన్నోడు ఎలుగుబంటి ఉంటుందా అని అడిగాడట. ఉంటుందిరా. మన కొండల్లో ఎలుగు ఏడాదంతా తిరిగేదే. అక్కడి నల్ల ఎలుగు చలికాలం చాలావరకు గుహలో పడుకుంటుంది. కానీ తిండి దొరికితే బయట తిరిగేవీ ఉంటాయి. వెడల్పాటి పాదం, అయిదు వేళ్లు, వాటి ముందు గోళ్ల గుర్తులు కనిపిస్తే దాని వెంటపడకుండా వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి.

మీ తాతయ్య.