మీటరు మీద ఎర్ర లైటు ఆట

పిల్లలూ,

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే చిన్నోడు అడిగాడు, "బాపమ్మా, గేమ్ ఆడితే కరెంటు బిల్లు తగ్గుతుందా?" అని. తగ్గుతుంది, కానీ అన్ని గేములతో కాదు. ఫోన్లో చెప్తే సగం విని సగం వదిలేస్తారని రాస్తున్నాను.

ఆటలో పెట్టి బుద్ధి నేర్పడం కొత్తేం కాదు. మన వైకుంఠపాళీ అదే కదా, మంచి గుణం నిచ్చెన, చెడ్డ గుణం పాము. ఇప్పుడు ఇలాంటివాటిని సీరియస్ గేమ్స్ అంటున్నారు. కరెంటు పొదుపు కోసం కూడా చేశారు. స్వీడన్‌లో పవర్ ఏజెంట్ అని ఒకటి పెట్టారు, టీనేజ్ పిల్లలు ఫోన్లో సీక్రెట్ ఏజెంట్లు అయిపోయి, అమ్మానాన్నలను ఒప్పించి ఇంట్లో వాడకం తగ్గించాలి. గెలిచారా లేదా అన్నది వాళ్ళ ఇంటి అసలు మీటరే చెప్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో అద్దె ఇళ్ళవాళ్ళ కోసం చేసిన ఎనర్జీ క్యాట్‌లో అయితే మీరే పిల్లి, ఊరికే వెలుగుతున్న లైట్లు ఆర్పుకుంటూ ఇల్లంతా తిరుగుతారు. నాకైతే పిల్లి కంటే అసలు మీటరు ఉండటమే గొప్పగా అనిపించింది. ఉత్త క్విజ్ పెట్టి "ఎల్‌ఈడీ బల్బు మంచిదా, మామూలు బల్బు మంచిదా" అని అడిగి స్టార్ ఇచ్చే గేములు బోలెడున్నాయి. వాటితో మార్కులొస్తాయేమో గానీ బిల్లు మాత్రం కదలదు.

అసలు చిక్కేమిటంటే కరెంటు కంటికి కనపడదు. నీళ్ళు కారుతుంటే చప్పుడు వినిపిస్తుంది, గ్యాసు లీకైతే వాసన వస్తుంది, గీజరు మాత్రం కిక్కురుమనకుండా యూనిట్లు మింగుతుంది. కనపడేలా చేసేది ఒక్కటే, మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటు. దాని పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది, చూడండి. 3200 అని ఉంటే ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట. ఇంట్లో అన్నీ ఆపేసి 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే వేసి నిమిషం లెక్కపెట్టండి, నాలుగు సార్లు వెలుగుతుంది. అదే 2000 వాట్ల గీజరు వేస్తే నిమిషానికి వంద దాటుతుంది, లెక్క పెట్టలేక నవ్వొస్తుంది మీకు. అన్నీ ఆపేశామనుకున్నాక కూడా లైటు వెలుగుతుంటే, ఏదో దొంగ ఉన్నట్టే. రిమోట్‌తో ఆపి పడుకున్న టీవీ సెట్‌టాప్ బాక్సు పది వాట్లు లాగేదైతే నెలకు ఏడు యూనిట్లు తింటుంది. ఆ దొంగను పట్టుకోవడమే మొదటి ఆట, సెలవు రోజు పగలు ఆడండి.

రెండో ఆటకు క్యాలెండరు చాలు, నెలకు 200 యూనిట్లు దాటకుండా ఉంటే గెలిచినట్టే. రోజూ అన్నం తిన్నాక ఒకే టైముకి రీడింగ్ రాయండి, అందులోంచి నిన్నటి రీడింగ్ తీసేస్తే ఆ రోజు వాడకం తెలుస్తుంది. మన తెలంగాణలో గృహజ్యోతి పథకం ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, 2024 మార్చి నుంచి వస్తోంది కదా. 200 దాటిందా, మొత్తం కట్టాల్సిందే. ఆ పథకం లేని ఇంటికీ అక్కడే గీత ఉంది: 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన రేట్ల ప్రకారం 200 యూనిట్లకు 820 రూపాయలు, 201 అయితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు రెండొందలు పైనే! వైకుంఠపాళీలో పెద్ద పాము ఆ గడిలోనే ఉందనుకోండి. నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్లు, ఎండాకాలం ఏసీ ఉన్న ఇంట్లో అది ఇట్టే అయిపోతుంది.

అందుకే ఏప్రిల్ నెలను డిసెంబరుతో పోల్చి ఓడిపోయామని ఏడవకండి. హన్మకొండ ఎండల్లో కూలరు వేయకుండా ఎవరుంటారు? పోల్చితే పోయినేడు అదే నెలతో పోల్చండి. ఇంకోటి, పాయింట్ల కోసం తాతయ్య గదిలో ఫ్యాను ఆపడం, ఫ్రిజ్ ప్లగ్ పీకడం ఆటలో ఉండకూడదు. పోటీ ఎక్కువైతే ఇంట్లో అలాంటి పనులే జరుగుతాయి, ముందే రూలు పెట్టుకోండి.

పెద్దోడు వాదిస్తాడని తెలుసు, "మన ఒక్క యూనిట్‌తో ఏమవుతుంది" అని. బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ తయారు కావాలంటే దాదాపు ముప్పావు కిలో బొగ్గు కాలాలి. వాడినే నెలకు ఎన్ని కిలోలు తగ్గించాడో లెక్క కట్టమనండి.

మీ ఇంట్లో మీటరు ఎత్తులో ఉంది కాబట్టి కుర్చీ ఎక్కి చూడకండి, నాన్నను పిలవండి. దాని సీలు, వైర్లు ముట్టుకోవద్దు, చూడటమే.

మీ బాపమ్మ
హన్మకొండ