తాతగారి జపాన్ కత్తి: ఆ తుప్పు జోలికి వెళ్లకండి

దసరా దగ్గరపడితే చాలు, నా ఫోన్‌కి ఫొటోలు మొదలవుతాయి. బర్మా యుద్ధానికి వెళ్లిన తాతగారు 1945లో జపాన్ లొంగిపోయాక తెచ్చుకున్న కత్తి ఆయుధ పూజకని అటక దిగుతుంది. ఫొటో కింద ఒకటే మాట: "సార్, శుభ్రంగా తోమాం. ఎంత పాతదో చెప్పండి."

తోమేశాక నన్నేం చెప్పమంటారు?

అపోహ: తుప్పు వదిలిస్తే అక్షరాలు కనబడతాయి, రేటు పెరుగుతుంది.

వాస్తవం: పిడిలో దాగి ఉండే నకాగో, అంటే అలుగు తోక, దాని మీది తుప్పే ఆ కత్తికి జాతకం. వందల ఏళ్ల తుప్పు నల్లగా, నున్నగా ఇనుములో కలిసిపోయి ఉంటుంది. యుద్ధకాలంలో చేసిన కత్తికి ఆ నలుపు రాదు. మెయి, అంటే కమ్మరి చెక్కిన సంతకం, ఆ అక్షరాల గాడుల్లోనూ అదే రంగు ఉందా, పేరు తర్వాతెవరో చెక్కారా అని చూసేదీ, కమ్మరి ఆకురాయి గీతలు వెతికేదీ అక్కడే. చింతపండు, గరుకు కాగితం ఏది పెట్టినా అదంతా పోతుంది.

విజయనగరం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. తమ్ముడు గరుకు కాగితంతో నకాగోని వెండిలా మెరిపించాడట. విషయం చెప్పగానే ఏడుపు ఆపుకోలేకపోయారు. "మళ్లీ తుప్పు పట్టించొచ్చా అండీ?" అన్నారు. వద్దమ్మా, అలా చేస్తే నకిలీ కత్తి అనుకుంటారు, వాదర వైపు బాగానే ఉంది కదా, దాన్ని కాపాడుకోండి అన్నాను. నేను కూడా ఈ పనిలోకొచ్చిన కొత్తలో ఓ పాత బాకుని ఇలాగే తోమి మా గురువుగారి చేత చివాట్లు తిన్నవాడినే.

సాన పట్టేవాడి దగ్గరికీ తీసుకెళ్లొద్దు. చక్రం వేడికి వాదర గట్టిదనం పోతుంది, వాదర వెంట కనిపించే హమోన్ అనే గీత చెరిగిపోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పేరు చెక్కి ఉంటే అసలుదేననుకోకండి, పెద్ద కమ్మరుల పేర్లతో దొంగ సంతకాలు జపాన్‌లో వందల ఏళ్ల నాడే ఉన్నాయి. పేరు లేదని దిగులూ వద్దు, పొడవు తగ్గించినప్పుడు సంతకం పోయిన మంచి కత్తులు బోలెడు. మిలిటరీ పిడి ఉందని ఫ్యాక్టరీ సరుకని తేల్చేయకండి, తాతల నాటి కత్తికే ఆ పిడి బిగించుకున్న అధికారులున్నారు. అలుగు మీద సీరియల్ నంబరు కొట్టి ఉంటే మాత్రం అది 1935 మోడల్ సార్జెంట్ల కత్తే కావచ్చు, మెషీన్ మీద చేసింది. ఒరలోంచి తీస్తే రక్తం చూడందే లోపలికి వెళ్లదంటారే, ఆ కబుర్లు నాకు పంపకండి.

నాకు కావలసింది నకాగో రెండు వైపులా తీసిన ఫొటోలు, మొన నుంచి, వీపు వైపు అలుగు నకాగోలో కలిసే చోటి గాటు దాకా తిన్నగా కొలిచిన పొడవు. 60.6 సెంటీమీటర్లు దాటితే కతానా, అంటే పొడవు కత్తి లెక్క. పిడి ఊడదీసేటప్పుడు వెదురు మేకుని సన్న చివర నుంచి మెల్లగా తట్టాలి. రాకపోతే వదిలేయండి, సుత్తి తీయొద్దు. వచ్చాక మేకు పారేయకండి, కొంతమంది అగ్గిపుల్ల పెట్టి బిగించి పంపుతున్నారు.