తమ్ముడు ఎక్కిన రైలు

అట్లాంటిక్ లోతు ప్రవాహం బలహీనపడొచ్చన్న వార్త చదివి మా పక్కింటి ఇంటర్ కుర్రాడు వచ్చాడు. "పదిహేడు వేల ఏళ్ల కిందట ఇది దాదాపు ఆగిపోయిందని రాశారండీ. అప్పుడు కొలిచిందెవరు?" నిజమే, నీళ్లు వెళ్లిపోయాక వాటి వేగం ఎక్కడ మిగులుతుంది?

గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల చల్లబడి బరువెక్కిన ఉప్పునీరు మునిగి, కిలోమీటర్ల లోతున దక్షిణానికి నడుస్తుంది. దానికి బదులు పైనుంచి వెచ్చని నీరు ఉత్తరానికి వస్తుంది. 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పరికరాలతో కొలుస్తున్నారు: సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, అలాంటి వరదలు 170 ఒక్కసారే వచ్చినట్టు.

ఇక అసలు కథ. టన్ను సముద్రపు నీటిలో సుమారు 3 మిల్లీగ్రాముల యురేనియం కరిగి ఉంటుంది, ఏ సముద్రంలో చూసినా దాదాపు అంతే. యురేనియం-234కి థోరియం-230 పుడుతుంది, యురేనియం-235కి ప్రొటాక్టినియం-231. వీళ్లు అన్నదమ్ములనుకోండి: థోరియం అన్న, ప్రొటాక్టినియం తమ్ముడు. రేడియోధార్మికత లెక్కన వెయ్యి మంది అన్నలకు 93 మంది తమ్ముళ్లు, ఎక్కడైనా ఇదే నిష్పత్తి. తల్లి యురేనియంలా వీళ్లు నీటిలో నిలవరు, కిందికి రాలే నలుసులకు అంటుకుని అడుగుకు చేరతారు. తేడా తొందరలోనే ఉంది. అన్న 20-40 ఏళ్లలో దిగిపోతాడు. తమ్ముడు 100-200 ఏళ్లు నీటిలోనే తిరుగుతాడు.

వీళ్ల ఊరి మీదుగా ఒక రైలు పోతుందనుకుందాం, అదే ఆ లోతు ప్రవాహం. అన్న గడప దాటడు. తమ్ముడు రైలెక్కి పోయి, పరాయి ఊళ్లో కన్నుమూస్తాడు. వేల ఏళ్ల తర్వాత పట్టాలు లేవు, స్టేషన్ లేదు, మిగిలింది శ్మశానం, అంటే సముద్రపు అడుగు బురద, ఒక్కటే. అక్కడ వెయ్యి మంది అన్నలకు 55 మంది తమ్ముళ్లే ఉంటే రైలు బాగా నడిచిందన్నమాట. 93 మందీ ఉంటే ఎవరూ ఊరు దాటలేదు, అంటే రైలు లేదు. వెళ్లినవాళ్లు ఎక్కడో తేలాలి కాబట్టి అంటార్కిటికా చుట్టూ ఉన్న బురదలో వెతికితే లెక్క 93 దాటుతుంది! ఈ ఒక్క మాట క్లాసులో చెప్పి ఉంటే, ఆవర్తన పట్టికలో అట్టడుగు వరసను నేను బట్టీ పట్టేవాణ్ణి కాదు.

అట్లాంటిక్ అడుగున బెర్ముడా రైజ్ అనే మెట్ట మీద దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల లోతున బురద త్వరగా పేరుకుంటుంది. గొట్టం దించి తీసిన ఆ బురద స్తంభంలో మెక్‌మానస్ అనే శాస్త్రవేత్త బృందం ఈ లెక్క తీసి 2004లో ప్రచురించింది. ముందు నేల నుంచి వచ్చిన మట్టి తెచ్చిన వాటాను తీసేయాలి. తర్వాత, ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల గుల్లల రేడియోకార్బన్‌తో పొర వయసు కట్టి, అప్పటినుంచి క్షీణించినదాన్ని తిరిగి కలపాలి (తమ్ముడి అర్ధాయువు సుమారు 33 వేల ఏళ్లు, అన్నది 75 వేలు). ఇన్ని చేశాక తేలింది: ఈ కాలపు పొరల్లో 55 దగ్గర, సుమారు 17,500 ఏళ్ల కిందటి పొరల్లో 93 దగ్గర. ఉత్తర అమెరికా హిమఫలకం నుంచి విరిగిన మంచుకొండలు కరిగి, మంచినీరు మూతలా పరుచుకున్న కాలమది. 12,700 ఏళ్ల కిందట ఈ లెక్క మళ్లీ పెరిగింది, అంత కాదు గానీ.

ఇదంతా విని ఒక మిత్రుడు "జాతకం చెప్పినట్టుందే" అన్నాడు. జాతకం తప్పడానికి దారి ఉండదు, దీనికి ఉంది. డయాటమ్ అనే నాచు గుల్లల్లోని సిలికా అంటే తమ్ముడికి మహా ఇష్టం. అవి ఎక్కువగా రాలితే రైలు నడుస్తున్నా అతను ఊళ్లోనే చిక్కుకుంటాడు, లెక్క అబద్ధమాడుతుంది. అందుకే అదే పొరలో సిలికానూ కొలుస్తారు. నీరు ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పే నియోడిమియం అనే లోహంతోనూ సరిచూస్తారు.

కుర్రాడి రెండో ప్రశ్న: "దాంతో మనకేంటండీ?" మేఘాలయలో చిరపుంజి దగ్గర మామ్లూ గుహ ఉంది. అక్కడి సున్నపు స్తంభాల్లోని ఆక్సిజన్ ఐసోటోపులు చూస్తే, ఆ రెండు కాలాల్లోనూ నైరుతి రుతుపవనాలు బలహీనంగానే ఉన్నాయి.