కోనా విమానాశ్రయం: రన్‌వే పెరిగింది, చూరు పెరగలేదు

హవాయిలో బిగ్ ఐలాండ్ అనే దీవి పడమటి తీరాన ఉన్న కోనా విమానాశ్రయం మీద ప్రయాణికుల ఫిర్యాదులు మళ్లీ ఊపందుకున్నాయి. గోడల్లేవు, ఏసీ లేదు, విమానం తలుపు దాకా చేర్చే వంతెన లేదు, నల్లటి తారు మీద ఎండలో నడవాలి, రాత్రి విమానాల వేళ కూర్చోడానికి కుర్చీ దొరకదు. వాటికి జవాబుగా, ఆ దీవిలో ఉండేవాళ్లు, ఏటా వచ్చిపోయేవాళ్లు చాలామంది ‘ఆ గాలి, ఆ చూరు మార్చకండి’ అంటున్నారు. సియాటెల్ నుంచో బే ఏరియా నుంచో సెలవులకు బిగ్ ఐలాండ్ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ విమానాశ్రయం కొత్తేం కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లకైతే మరీ బాగా తెలుసు.

1801లో హువాలాలై అగ్నిపర్వతం కక్కిన లావా మీద 30 లక్షల పౌండ్ల డైనమైట్ పేల్చి, 13 నెలల్లో నేల చదును చేసి, 1970 జులై 1న తెరిచారన్న కథ కోనా గురించి రాసే ప్రతివాళ్లూ చెప్పేదే. ఇవాళ్టి గొడవకు పనికొచ్చే అంకె వేరే ఉంది. ఆనాటి రన్‌వే పొడవు 6,500 అడుగులు. వేరే దీవిలో ఉన్న రాష్ట్ర రాజధాని హొనొలులు నుంచి ముప్పావు గంటలో వచ్చి, మళ్లీ ముప్పావు గంటలో తిరిగి వెళ్లే విమానాలకు అది సరిపోతుంది. టెర్మినల్‌నూ ఆ లెక్కకే కట్టారు. ఏటవాలు కప్పులతో విడివిడి పాకలు, మధ్యలో మొక్కలు, చుట్టూ సముద్రపు గాలి. కారు దిగినవాడు నాలుగడుగులు వేస్తే విమానం మెట్ల దగ్గర ఉంటాడు. అమెరికాలో ప్రయాణికుల తనిఖీ తప్పనిసరి అయింది 1973లో. అంటే ఈ పాకలు గీసినప్పుడు క్యూ అనేదే లెక్కలో లేదు.

ఆ తర్వాత జరిగిన తిరకాసు తెలియాలంటే దీవికి రెండోవైపు చూడాలి. తూర్పున ఉన్న హీలోలో 1976లో పెద్ద టెర్మినల్ తెరిచారు. ఏసీ, గోడలు, విమానానికి నేరుగా తగిలే వంతెనలు, ఇప్పుడు కోనాలో లేవని ఫిర్యాదు చేస్తున్నవన్నీ అక్కడ ఉన్నాయి. అమెరికా ప్రధాన భూభాగం నుంచి నేరుగా వచ్చే విమానాలన్నీ హీలోలోనే దిగుతాయన్న నమ్మకంతో కట్టారు. కానీ హీలోలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కోనా విమానాశ్రయం దగ్గర 400 పడితే ఎక్కువ. ఎండ కోసం వచ్చే పర్యాటకుడు ఎటు వెళ్తాడో వేరే చెప్పాలా? బీచ్ హోటళ్లన్నీ పడమటి తీరంలోనే లేచాయి. 1980ల మొదట్లోనే హీలోకు ప్రధాన భూభాగం నుంచి నేరు విమానాలు ఆగిపోయాయి. టెర్మినల్ ఒకవైపు, జనం ఇంకోవైపు అయ్యారు.

అసలు మలుపు 1990ల తొలి ఏళ్లలో వచ్చింది. 1994 నాటికి కోనా రన్‌వేను 11,000 అడుగులకు పొడిగించారు. హవాయి రాష్ట్రంలో హొనొలులు తర్వాత ఇంత పొడవున్నది ఇదే. దాంతో నిండా ఇంధనంతో, నిండా ప్రయాణికులతో పెద్ద విమానాలు ఇక్కడి నుంచి లేవగలిగాయి. లాస్ ఏంజెలెస్ సుమారు 4,000 కిలోమీటర్లు, టోక్యో సుమారు 6,400. జపాన్ ఎయిర్‌లైన్స్ 1996లో టోక్యో విమానం మొదలుపెట్టింది, 2010లో మానేసింది, 2017లో మళ్లీ వచ్చింది.

రన్‌వే దాదాపు 70 శాతం పెరిగింది కానీ పాకలు మాత్రం అలాగే ఉండిపోయాయి. దీవుల మధ్య తిరిగే బోయింగ్ 717లో 128 మంది కూర్చుంటే, హవాయియన్ ఎయిర్‌లైన్స్ టోక్యోకు నడిపిన ఎయిర్‌బస్ ఏ330లో 278 మంది. జనం రెట్టింపు కావడం ఒక్కటే కాదు, వాళ్లు ఆగే సమయం కూడా మారింది. హొనొలులు వెళ్లేవాడు చేతిసంచీతో చివరి నిమిషంలో వచ్చేవాడు. ప్రధాన భూభాగానికి వెళ్లేవాడు పెట్టెలతో రెండు గంటల ముందే వస్తాడు. పైగా ఆ విమానాలు చాలావరకు రాత్రి 8 నుంచి 11 మధ్య వరసగా బయల్దేరి తెల్లారేసరికి అక్కడ దిగుతాయి. హోటల్ గది పొద్దున 11కే ఖాళీ చేసిన కుటుంబం, అద్దె కారు అప్పజెప్పేసి, సాయంత్రమే వచ్చి కూర్చుంటుంది. పెళ్లి పందిట్లో కాపురం పెట్టమన్నట్టే ఉంది ఇది. పందిరిలో లోపమేం లేదు, అది వేసింది అందుకు కాదు.

కుర్చీలు చాలవన్నా, మరుగుదొడ్ల దగ్గర బారులన్నా, చార్జింగ్ పెట్టుకునే చోటు లేదన్నా మూలం ఇక్కడే ఉంది.

2001 సెప్టెంబరు ఉగ్రదాడుల తర్వాత పని ఇంకా కష్టమైంది. గోడలు లేకుండా కట్టినచోట తనిఖీ అయినవాళ్లనూ కానివాళ్లనూ విడదీయాలి. కంచెలు వచ్చాయి. రెండు టెర్మినళ్లకు రెండు వేర్వేరు తనిఖీ కేంద్రాలు పెట్టారు. ఒకవైపు తనిఖీ దాటినవాడికి రెండోవైపు తిండి దుకాణం ఉన్నా, బయటికొచ్చి మళ్లీ క్యూలో నిలబడాల్సిందే. గాలి ఆడే తోట కాస్తా రెండు దొడ్లుగా మారింది. ‘కోనా పాతబడింది’ అన్న మాట గట్టిగా వినపడటం మొదలైంది అప్పటి నుంచే.

దీన్ని సరిచేస్తామని 2006లో గవర్నర్ లిండా లింగిల్ ప్రభుత్వం రాష్ట్రంలోని విమానాశ్రయాలన్నింటికీ కలిపి 230 కోట్ల డాలర్ల, 12 ఏళ్ల ప్రణాళిక ప్రకటించింది. రెండేళ్లు తిరక్కుండా మాంద్యం వచ్చింది. 2008లో వారం వ్యవధిలో అలోహా ఎయిర్‌లైన్స్, ఏటీఏ అనే విమాన సంస్థలు రెండూ మూతపడ్డాయి. రెండు టెర్మినళ్లను కలిపే భవనం చివరికి 2019లో పూర్తయింది. ఆరు వరసల ఉమ్మడి తనిఖీ కేంద్రం వచ్చింది, లోపల ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరిగే వీలూ కలిగింది. ఆ స్థలం కోసం 2016లో కోనా బిడ్డ, చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో పోయిన వ్యోమగామి ఎల్లిసన్ ఒనిజుకా స్మారక ప్రదర్శనశాలను మూసేశారు. 2017లో విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం మంచి పనే, పిల్లలు విమానం కోసం ఆగుతూ అంతరిక్షం గురించి తెలుసుకునే చోటు పోవడం మాత్రం బాధ కలిగించే విషయం.

ఇక ‘వంతెనలు పెట్టేస్తే పోలా’ అన్న వాదన. వంతెన పెట్టాలంటే ప్రయాణికుడు ముందే పై అంతస్తులో ఉండాలి. బోయింగ్ 737 తలుపు నేలకు సుమారు 2.7 మీటర్ల ఎత్తున, ఏ330 తలుపు సుమారు 4.5 మీటర్ల ఎత్తున ఉంటాయి. కోనా పాకలన్నీ నేలమట్టానివే. అంటే రెండంతస్తుల భవనం, లిఫ్టులు, ఎస్కలేటర్లు కావాలి. ఉప్పుగాలిలో వాటి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో సముద్రం ఒడ్డున ఇల్లున్న ఎవరినడిగినా చెబుతారు. విమానం ఎక్కడానికి ఇప్పుడు వాడుతున్న ర్యాంపులు, అంటే వాలుదారులు, మెలికలు తిరిగి ఎందుకుంటాయన్నదానికీ ఈ లెక్కే జవాబు. చక్రాల కుర్చీ సురక్షితంగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలి. 2.7 మీటర్లు ఎక్కడానికి 32 మీటర్ల దారి, 4.5కి 54 మీటర్లు. అంత దారి తిన్నగా వేస్తే పక్క విమానానికి తగులుతుంది. అందుకే మడతలు పెడతారు.

గోడలు కట్టి ఏసీ పెట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఆ కప్పులు వేడిగాలిని పైకి లాగి, పక్కల నుంచి సముద్రపు గాలి వచ్చేలా గీసినవి. గోడ కడితే ఆ గాలి ఆగిపోతుంది, ఇక పగలూ రాత్రీ ఏసీ నడవాల్సిందే. కరెంటు ధర అమెరికాలోకెల్లా ఎక్కువ ఉన్న రాష్ట్రం హవాయి. మార్చొద్దంటున్న స్థానికుల మాటలో జ్ఞాపకాల మమకారం ఒక్కటే లేదు, ఈ లెక్క కూడా ఉంది. విమానం దిగిన క్షణాన తగిలే ఆ వెచ్చటి గాలి కోసమే వస్తామనేవాళ్లూ తక్కువేం కాదు.

ఫిర్యాదుదారులకు ఒక్క విషయంలో తిరుగులేదు. గేటు నుంచి ర్యాంపు దాకా నీడ లేదు. మధ్యాహ్నం 30 డిగ్రీలున్న రోజు చుట్టూ నల్ల లావా, కింద తారు వేడిని వెనక్కి కొడుతుంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిలబడలేరు. కిలావేయా అగ్నిపర్వతం పొగ దీవిని చుట్టి పడమటి తీరం మీద పేరుకున్న రోజుల్లో ఆస్తమా ఉన్నవాళ్లకు గోడల్లేని చోటు నిజంగానే ఇబ్బంది.

ఈలోపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన క్రమం ఇది. ప్రధాన భూభాగానికి వెళ్తుంటే ముందు వ్యవసాయ శాఖ తనిఖీ యంత్రంలో పెట్టెలు పెట్టి స్టిక్కర్ వేయించుకోవాలి, ఆ తర్వాతే కౌంటర్. స్టిక్కర్ లేకుండా కౌంటర్ బారులో నిలబడితే వెనక్కి పంపుతారు. తోటలో కోసిన మామిడిపండ్లు, చెరకు, మట్టితో ఉన్న మొక్కలు వదిలేయాల్సిందే. అనాసపండు, పీచు తీసిన కొబ్బరికాయ, వేయించిన కాఫీ గింజలకు ఇబ్బంది లేదు. అద్దె కార్ల స్థలాలు టెర్మినల్‌కు దూరం, షటిల్ బస్సు కోసం అరగంట పక్కన పెట్టుకోండి. పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడే రాయించండి, మెట్లు వద్దు, ర్యాంపు కావాలని గేటు దగ్గర మళ్లీ ఒకసారి చెప్పండి. అక్టోబరులో ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పోటీల వారం అయితే సైకిల్ పెట్టెలతో ఆ యంత్రం దగ్గరే బారు కడతారు.

మార్పు ఎందుకు ఆలస్యమవుతోందంటే, నిర్ణయం కోనాలో జరగదు. హవాయిలో ప్రయాణికుల విమానాశ్రయాలన్నీ రాష్ట్ర రవాణా శాఖవి, ఖర్చు విమాన సంస్థల రుసుముల నుంచి, అద్దెల నుంచి రావాలి. రుసుము కట్టేవాళ్లు కాబట్టి పెద్ద పనుల్లో సంస్థల మాట కూడా చెల్లుతుంది. విమానాశ్రయాలను వేరే సంస్థ కిందకు తేవాలన్న బిల్లులు శాసనసభకు పలుమార్లు వచ్చాయి, గట్టెక్కలేదు. పైగా కోనాకు ఉన్నది ఒక్కటే రన్‌వే. 2024 జనవరిలో దాని మీద పగులు కనిపించి విమానాలు ఆపేయాల్సి వచ్చింది. డబ్బు ముందు రన్‌వేకు వెళ్లక తప్పదు. అయినా గేట్ల నుంచి ర్యాంపుల దాకా కప్పు, రాత్రి విమానాల లెక్కకు సరిపడా కుర్చీలు, మరుగుదొడ్లు, పెద్ద ఫ్యాన్లు అడగడానికి పై అంతస్తు అక్కర్లేదు, గోడలూ అక్కర్లేదు. 1994లో రన్‌వేతో పాటు పెరగాల్సినవి అవి. భవనం ఎలా ఉండాలన్న వాదన తేలేదాకా వాటిని ఆపడానికి కారణం లేదు.