బ్రెజిల్ జనాభా, ప్రభుత్వం: క్లాసులో రోజూ వినే అపోహలు - అసలు వాస్తవాలు

పద్నాలుగేళ్ళుగా డిగ్రీ పిల్లలకీ, గ్రూప్స్‌కి చదివేవాళ్ళకీ వేరే దేశాల ప్రభుత్వాల పాఠం చెబుతున్నాను. అమెరికా, బ్రిటన్ అంటే ఎవరూ తడుముకోరు. బ్రెజిల్ దగ్గరికి వచ్చేసరికి ఫుట్‌బాల్, అమెజాన్, కార్నివాల్, అంతే. 20 కోట్లు దాటిన జనం, మనలాగే రాష్ట్రాలున్న ఫెడరల్ దేశం, మనలాగే మెషీన్ మీద ఓటు, మనలాగే సీట్ల పంపకం గొడవ. ఇంత దగ్గరి పోలికలున్న దేశం గురించి తప్పులు చదువుకుని పరీక్షకి వెళ్తుంటే నిజంగా బాధేస్తుంది. అందుకే నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. వాళ్ళ భాష స్పానిష్ కాదు, పోర్చుగీసు. రాజధాని రియో కాదు, 1960 ఏప్రిల్ 21 నుంచి బ్రెజీలియా. రియో అంతకుముందు, 1763 నుంచి రాజధానిగా ఉండేది.

అపోహ: జనాభా 21.5 కోట్లు, ఇంకా వేగంగా పెరుగుతోంది.

ఈ అంకె ఒక కోచింగ్ మెటీరియల్‌లో కళ్ళారా చూశాను, పిల్లలు దాన్నే బట్టీ పట్టేశారు. 2022 సెన్సస్‌లో తేలింది 20.31 కోట్లు. మరి ఆ పెద్ద అంకె ఎక్కడిదంటే, 2010 లెక్క (19.08 కోట్లు) మీద ఏటా వేసుకుంటూ వచ్చిన అంచనాలది. సెన్సస్ 2020లో జరగాలి, కరోనా వచ్చింది, 2021లో డబ్బు కేటాయించలేదు, చివరికి సుప్రీంకోర్టు కల్పించుకుంటే గానీ 2022లో ఎన్యూమరేటర్లు ఇంటింటికీ వెళ్ళలేదు. 2021లో జరగాల్సిన మన జనగణన 2027కి వెళ్ళింది కాబట్టి అంచనాల మీద బతకడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పన్నెండేళ్ళలో ఏడాదికి సగటు పెరుగుదల 0.52 శాతం. 1872లో మొదటి సెన్సస్ జరిగిన దగ్గర్నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. 1960లో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలుంటే 2022కి 1.55. ఇంతమందినే కనాలని ఏ చట్టమూ చెయ్యలేదు. జనం పట్నాలకి వచ్చారు, ఆడపిల్లలు చదువుకున్నారు, మాత్రలు, ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. టీవీ సీరియళ్ళలో కనిపించే చిన్న కుటుంబాలు కూడా దీనికి తోడయ్యాయని పరిశోధకులు చూపించారు.

లెక్క తగ్గితే పరువు పోతుందని కాదు, డబ్బు పోతుంది. కేంద్రం నుంచి మునిసిపాలిటీలకి వెళ్ళే నిధి జనాభాని బట్టే ఉంటుంది, అందుకని కొత్త అంకెలు రాగానే మేయర్లు లబోదిబోమన్నారు. వాటాలు ఒక్కసారిగా కోయకుండా పదేళ్ళ పాటు కొంచెం కొంచెంగా సర్దేలా 2023లో చట్టం తెచ్చారు.

అపోహ: సగం మంది అడవుల్లోనే ఉంటారు.

87 శాతం మంది పట్టణాల్లో ఉంటారు. దేశం మ్యాపులో చాలా భాగం అమెజానే, నిజమే, కానీ జనం తూర్పు, ఆగ్నేయ తీరాల దగ్గర కిక్కిరిసి ఉన్నారు. ఒక్క సావో పాలో రాష్ట్రంలోనే 4.44 కోట్ల మంది. అమెజాన్ నడుమ ఉన్న మనౌస్ కూడా 20 లక్షలు దాటిన నగరం.

మనుషుల కంటే పశువులు ఎక్కువన్నది మాత్రం నిజం. 2022లో 23 కోట్లకి పైగా పశువులున్నాయి. వాటిలో అధిక భాగం నెలోర్ జాతి, లేదంటే దాని సంకరం. ఆ పేరు మన నెల్లూరుదే, ఆ జాతి మన ఒంగోలుదే. క్లాసులో ఈ మాట చెప్పగానే ప్రకాశం జిల్లా పిల్లలు నిటారుగా కూర్చుంటారు. ఇది సరదా కబురు అనుకుని వదిలెయ్యకండి, వాళ్ళ పార్లమెంటులో పార్టీలతో పని లేకుండా కలిసి ఓటేసే వ్యవసాయ, పశుపోషణ ఎంపీల గుంపు చాలా బలమైనది. అడవి, భూమి, ఆదివాసీల హక్కుల బిల్లులన్నీ ఆ గుంపుని దాటుకునే వెళ్ళాలి.

అపోహ: బ్రెజిల్ తెల్లవాళ్ళ దేశం. లేదా: అక్కడ రంగు తేడాలే లేవు.

రెండూ తప్పే. సెన్సస్ మనిషి గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్నకి జవాబులు ఐదే: తెలుపు, నలుపు, పసుపు (తూర్పు ఆసియా మూలాలవాళ్ళు), పార్దో, ఆదివాసీ. పార్దో అంటే మిశ్రమ వర్ణం. ఎదుటి మనిషి ఏది చెబితే అదే రాసుకోవాలి, చూసి నిర్ణయించే అధికారం ఎన్యూమరేటర్‌కి లేదు. 1976లో ఒక సర్వేలో మీ రంగేమిటో మీ మాటల్లోనే చెప్పండి అంటే వందకి పైగా రకాల పేర్లు వచ్చాయి, గోధుమ రంగు, దాల్చినచెక్క రంగు దాకా. 2022లో పార్దోలు 45.3 శాతం, తెల్లవాళ్ళు 43.5, నల్లవాళ్ళు 10.2. ఆదివాసీలు సుమారు 17 లక్షలు. పారిపోయిన బానిసల వారసుల ఊళ్ళని, అంటే కిలొంబోలని, విడిగా లెక్కించడం 2022లోనే మొదలైంది: 13 లక్షల మంది. బానిసత్వం 1888లో రద్దయింది, వాళ్ళని ఒక సముదాయంగా లెక్కపెట్టడానికి ఇంకో 134 ఏళ్ళు పట్టింది. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు మారుతుందని పిల్లలే అంటారు.

అపోహ: ఓటు వెయ్యకపోతే జైలు.

18 నుంచి 70 ఏళ్ళ వరకు ఓటు తప్పనిసరి. 16, 17 ఏళ్ళవాళ్ళకీ, 70 దాటినవాళ్ళకీ, చదువు రానివాళ్ళకీ ఇష్టం. వెళ్ళనందుకు మామూలు జరిమానా 3.51 రియాలు (వాళ్ళ కరెన్సీ), కాఫీ డబ్బులు కూడా కాదు. అది కూడా కట్టకుండా కూర్చుంటే పాస్‌పోర్టుకీ, ప్రభుత్వ ఉద్యోగానికీ ఇబ్బంది. అయినా 2022లో ఐదో వంతు ఓటర్లు రాలేదు.

వాళ్ళ ఓటింగ్ మెషీన్ నమూనాని ప్రొజెక్టర్ మీద వేసి చూపిస్తుంటాను. మనలా గుర్తు పక్కన బటన్ ఉండదు, ఫోన్ మీద ఉన్నట్టు అంకెలుంటాయి. 2022లో వరస ఇది: కేంద్ర ఎంపీకి నాలుగంకెలు, రాష్ట్ర శాసనసభ్యుడికి ఐదు, సెనేటర్‌కి మూడు, గవర్నర్‌కి రెండు, అధ్యక్షుడికి రెండు. నంబరు కొట్టగానే ఫొటో వస్తుంది, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ బటన్, తప్పయితే ఆరెంజ్, ఎవరూ వద్దనుకుంటే తెలుపు. ఐదుసార్లు ఆకుపచ్చ నొక్కాలి. పదహారు అంకెలు ఎవరికి గుర్తుంటాయి, అందుకే జనం చిన్న చీటీ మీద రాసుకుని వెళ్తారు. మన వీవీప్యాట్ లాంటిది మాత్రం లేదు. అచ్చు స్లిప్పు తెచ్చే రాజ్యాంగ సవరణకి 2021లో 308 ఓట్లు కావాల్సి ఉండగా 229 వచ్చాయి.

అపోహ: అధ్యక్ష తరహా పాలన కాబట్టి అధ్యక్షుడు చెప్పిందే చట్టం.

2022 అధ్యక్ష ఎన్నికల్లో లూలా 50.9 శాతంతో గెలిచారు. అదే ఎన్నికల్లో 513 మంది ఉన్న దిగువసభలో ఆయన సొంత పార్టీకి 70 సీట్లు కూడా రాలేదు, ఓడిన బొల్సొనారో పార్టీకి 99 వచ్చాయి. మరి బిల్లు పాసవ్వాలంటే ఎలా? మంత్రి పదవులు పంచాలి, ఎంపీలు తమ ప్రాంతాలకి అడిగే నిధులు ఒప్పుకోవాలి, నిన్నటి ప్రత్యర్థితో కూర్చోవాలి. సభతో చెడిన అధ్యక్షుల గతీ చూశాం: 1992లో కొలోర్ అభిశంసన విచారణ నడుస్తుండగానే రాజీనామా చేశారు, 2016లో జిల్మా రూసెఫ్‌ని అభిశంసనతో తొలగించారు.

అపోహ: మునిసిపాలిటీ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే.

1988 రాజ్యాంగం మొదటి అధికరణమే రాష్ట్రాలతో పాటు మునిసిపాలిటీలని కూడా ఫెడరేషన్‌లో భాగస్వాములుగా చెబుతుంది. 2022 సెన్సస్ నాటికి మొత్తం 5,570. వాటిలో సెర్రా ద సౌదాదె అనే ఊరి జనాభా 2022లో 833. మన దగ్గర అది చిన్న పంచాయతీ, అక్కడ దానికి సొంత మేయరు, తొమ్మిది మంది కౌన్సిలర్లు.

అపోహ: జనం ఎక్కువుంటే సీట్లూ అంతే ఎక్కువ.

డీలిమిటేషన్ టెన్షన్ మనకి ఉంది కాబట్టి ఇది కాస్త నిదానంగా చదవండి. దిగువసభలో ఏ రాష్ట్రానికీ 8కి తగ్గకూడదు, 70 దాటకూడదు. సావో పాలోకి 70, అంటే ఒక్కో ఎంపీకి 6.34 లక్షల మంది. ఉత్తరాన ఉన్న రొరాయిమా రాష్ట్రం మొత్తం జనాభాయే 6.37 లక్షలు, దానికి 8 మంది ఎంపీలు. సావో పాలోలో ఒక్క ఎంపీ మోసే బరువుని రొరాయిమాలో ఎనిమిది మంది పంచుకుంటారు. సెనేట్‌లో అయితే రెండింటికీ సమానంగా మూడేసి.

8కీ 70కీ మధ్యలో ఉన్న రాష్ట్రాలకైనా జనాభా మారినప్పుడు సీట్లు మారాలి కదా. మారలేదు, 1990ల నాటి పంపకమే నడుస్తోంది. పారా రాష్ట్రానికి నాలుగు పెరగాలి, రియోకి నాలుగు తగ్గాలి. 2022 సెన్సస్ ప్రకారం సర్దమని, దానికి 2025 జూన్ 30 గడువని 2023లో సుప్రీంకోర్టు పార్లమెంటుకి చెప్పింది. తగ్గే రాష్ట్రాలవాళ్ళు ఒప్పుకుంటారా? ఎవరికీ తగ్గించకుండా సభనే 513 నుంచి 531కి పెంచుతూ 2025లో బిల్లు పాస్ చేశారు, లూలా దాన్ని వీటో చేశారు. మన దగ్గర ఎవరైనా సీట్లు పెంచేస్తే గొడవే ఉండదు కదా అన్నప్పుడల్లా నేను చెప్పేది ఈ 531 కథే.