జేజి వచ్చి చీర కట్టుకుంటుందా?

చిన్నోడా, పాపా, ఇద్దరూ కూర్చుని చదవండి.

మొన్న సంక్రాంతికి జేజి ఫోటో ముందర చీర పెడతుంటే "తాతా, జేజి వచ్చి కట్టుకుంటుందా" అని అడిగినావు కదరా, గారెలు చల్లారిపోతున్నాయని మీ అమ్మ ఒకటే తొందర, నేనేం చెప్పలా.

కట్టుకోదురా. చీర అంచుకి పసుపు రాసి, చెంబుతో నీళ్లు, ఆకులో గారెలు, చేపల పులుసు పెట్టి, తలుపు దగ్గరికేసి కాసేపు వసారాలో కూర్చుంటాం చూడు, ఆ కాసేపట్లో ఆమె వచ్చి తిని పోతుందని మన నమ్మకం. తర్వాత ఆ చీర మీ అత్త కట్టుకుంటుంది. పెద్దోళ్లు ఇల్లు కాస్తా ఉంటారు, మనం ఏడాదికోసారి బట్టా తిండీ పెట్టాలి, అదీ లెక్క.

ఇది మనోళ్ల పిచ్చే అనుకునేవాణ్ణి చాన్నాళ్లు, ఎప్పుడో ఇరాన్ నుంచి మన దేశానికొచ్చిన పార్సీల సంగతి చదివిందాకా. వాళ్ల మత గ్రంథం అవెస్తాలో ఫ్రవషులని ఉంటారు, మంచోళ్ల ఆత్మలు, కాపలా కాసేవి. ఏడాది ఆఖర్న పది రోజులు ఊళ్లోకొచ్చి, మమ్మల్ని తలుచుకునేదెవరు, చేతిలో తిండీ బట్టా పట్టుకుని ఎదురొచ్చేదెవరు అని అడుగుతా తిరుగుతాయంట. బట్ట కూడా! ఇరాన్ యాడ, నెల్లూరు యాడ. ఇంకోటి, సముద్రం నుంచి నీళ్లు పైకొచ్చినప్పుడు ఎవరి ఇంటికి వాళ్లు, ఎవరి ఊరికి వాళ్లు నీళ్లు తీసుకుపోవాలని ఆ ఫ్రవషులు పోటీ పడతాయంట, అది చదవంగానే సంగం ఆనకట్ట కింద కాలవ నీళ్ల కోసం పార పక్కన పెట్టుకుని తెల్లార్లూ గట్టు మీద కూర్చున్న మా నాయన గుర్తొచ్చాడు. ఆయన ఇప్పుడూ అదే పని మీద ఉండుంటాడు.

మెక్సికోలో నవంబర్ మొదట్లో పెద్దోళ్లు దారి తప్పకుండా ఇంటిదాకా బంతిపూల రెక్కలు చల్లుతారు, జపాన్‌లో బోన్ పండగకి లాంతర్లు పెడతారు. క్యాథలిక్కుల సమాధుల పండగ నవంబర్ 2న, ఆడ మాత్రం పోయినోళ్ల కోసం మనమే ప్రార్థన చెయ్యాల, లెక్క తిరగబడిందన్నమాట.

మన నెల్లూరు బారాషహీద్ దర్గాలో ఉండే పన్నెండు మంది అమరులూ మన తాతలేం కాదు, అయినా మొహర్రంకి రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో దిగి, కోరికని బట్టి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అని ఎంతమంది మార్చుకుంటారో చూసినారుగా. అల్లాని తప్ప ఇంకెవర్నీ అడగకూడదనే ముస్లింలూ ఉన్నారు, వాళ్ల మాట వాళ్లది, వాళ్లతో వాదన పెట్టుకోబాకండి.

వచ్చే పండక్కి జేజి చీర మీరిద్దరే సెలెక్ట్ చెయ్యండి. ఆకుపచ్చ తేబాకండి, ఆ రంగు చూస్తే మొహం తిప్పుకునేది.

మీ తాత